ఆరో నెంబరు చెయ్యి

దవాఖానకొచ్చే గ్లౌజు డబ్బాలన్నీ ఏడున్నర.
నా చెయ్యి ఆరు.
వేళ్ళ కొసలకు ఇంతింత తోక మిగిలి
సూది పట్టినప్పుడల్లా ముడుసుకుంటది.
అయినా చంటిపిల్లకు నరం దొరకకుంటె
రాత్రి రెండింటికి
"ఉపేంద్ర సిస్టర్‌ను లేపుండ్రి" అంటరు.

ఎనుమాముల మార్కెట్ ఎనక
పత్తి గోదాం ఒకటి ఖాళీగుంటె
మొగిలయ్య సారు పది మీటర్లు కొలిచి గీత గీసిండు.
అవతల గోడకు కాగితపు గుండ్రాలు,
ఇవతల మేం ఏడుగురం.
మిర్చి బస్తాలు దిగే నెలల్ల
ఊపిరి బిగబట్టిన ప్రతోడూ
ట్రిగ్గర్ కన్న ముందు తుమ్ముతడు.

క్లబ్బు పిస్తోలు నా చేతిల
నాయిన చెప్పుల్ల పోరి కాలు.
బొటనవేలు దాని చోటుకు పోతె
చూపుడువేలు ట్రిగ్గర్ అంచున యాలాడుతది.
వేలి మెత్తతోని నొక్కాలె,
కొసతోని గీకితె గుండు ఎడమకే పోతది.
ఆర్నెల్లు
నా గుండ్లన్నీ ఏడో గుండ్రంల, ఎడమపక్క
పెండ్లికాడ అలిగిన చుట్టాల లెక్క
ఒక్కదిక్కే కూసున్నయి.

"గురి తప్పు గాదు బిడ్డా, పిడి తప్పు" అన్నడు సారు.
"నీది నువ్వే కొనుక్కో.
పెద్ద బోరు మోజు పడకు,
జొన్నగింజంత సీసం చాలు నేర్సుకునేటందుకు.
చప్పుడు కొనకు. చేతికి పట్టేది కొను."

చిట్టీ పాట పాడిన.
నలభై వేలల్ల తొమ్మిది పాటకే పోయి
ముప్పై ఒకటి చేతికొచ్చింది.
"ఆ పైసలకు బంగారం కొనరాదే" అన్నది చెల్లె.
పావు తులం గూడ రాదు,
ఇగ బాధెందుకు.

మొదలు చూసింది అన్నిట్ల అగ్గువ.
పక్కనున్న మీట గుంజి గాలి నింపాలె
గుండు గుండుకు.
అరవై గుండ్లంటె అరవై మాట్ల బోరింగు కొట్టుడే.
ఇరవయ్యోదానికే మణికట్టు వణికింది,
ఇగ గురేడ?

ఇంకోటి కొత్తది. పిడి గూడ చిన్న సైజే.
పట్టుకోంగనే ఇది నాదే అనిపించింది.
ధర ఇన్న.
నిద్రవోయిన పిల్లను పండవెట్టినంత మెల్లగ
మళ్ళ డబ్బాల పెట్టిన.

కరీంనగర్ నుంచొచ్చిన పాతది మిగిలింది.
సిలిండరు గాలి, మీట బాధ లేదు.
ముందు బరువు తక్కువ.
చిన్న మర ఇప్పితె ట్రిగ్గర్ ఎనకకు జరుగుతది.
సిలిండరు మీద గడువు తేదీ చూసిన,
అలవాటు, మందు సీసాకు చూసినట్టే.
ఇంక ఆరేండ్లుంది.
పిడి మాత్రం ఎవరో పెద్ద చెయ్యాయనది.
ముప్పై వేలు లెక్కవెట్టిచ్చిన.
మిగిలిన వెయ్యికి సీసం గుండ్లు.

పిడి ఒక్కటే ఇప్పి సంచిల ఏసుకొని
కొత్తవాడల కనకాచారి కాడికి పోయిన.
మగ్గాలకు నాడెలు చేసిన చెయ్యి ఆయనది.
కట్టెను వాసన చూసిండు. "అక్రోటు" అన్నడు,
దేనిదని అడగలే.
నా అరచేతికి జాజు పూసి పట్టుమన్నడు.
ఎర్రగ అంటినకాడల్లా ఆకురాయి పెట్టిండు.
మళ్ళ పూత, మళ్ళ పట్టు,
చాయ్ రెండుమాట్ల చల్లారింది.
"చేతికి మొగ్గం కుదిరినట్టు కుదరాలె" అనుకుంట
పొట్టు ఊదిండు.

బొటనవేలికాడ ఒక గుంట ఉండె.
ముందటాయన ఏండ్లకేండ్లు ఒత్తిన జాగ.
"ఇది గూడ తీసేద్దునా?"
సగం తీయుమన్న.
ఎందుకన్ననో నాకే తెల్వదు.
ఆయన ఎందుకమ్మిండో గూడ.

నైట్ డ్యూటీ దిగి, మొకం కడుక్కొని
పొద్దుగాల గోదాంకు పోత.
ఖాళీ పిస్తోలు ఎత్తుడు, దించుడు, ఎత్తుడు.
సారు గుండ్లియ్యనియ్యలే వారం దాంక.
ఇయ్యాల ఒకటి తొమ్మిదిల పడ్డది.
కడమయి ఇంక ఎడమదిక్కే,
కాకపోతె కొంచెం మాట్లాడుతున్నయి.

వార్డుల ఇండెంటు పుస్తకంల
ఈ నెల గూడ రాసిన:
గ్లౌజులు, ఆరో నెంబరు, రెండు డబ్బాలు.