చెట్లున్నప్పటి వెల

తొమ్మిదేళ్ల కిందట ఇదే గుమ్మంలో నిలబడి
దాలమ్మకు ఏమేమి లేవో చెప్పింది నేనే.
వీఆర్వో మోకాలి మీద కాగితం పెట్టుకుని రాశాడు:
రెండు సిలవరి గిన్నెలు, ఒక నులక మంచం,
గోడకి జేరేసిన పార.
కట్టుకున్న బట్ట లెక్కలోకి రాదట,
చట్టం ఆ మాత్రం మర్యాద ఉంచింది.
గంప కింద కోడి పిల్లల్తో కొరకొరమంది.
ఆయన నా వైపు చూశాడు.
నేను మందస కొండల వైపు చూశాను.

అలా నిరుపేద అని తేలింది.
ఫీజు కట్టకుండానే, సర్కారిచ్చిన లాయరుతో,
అన్న మీద వాటా దావా సోంపేటలో నంబరైంది.
అర్జీ కింద బొటనవేలు మూడుసార్లు ఒత్తింది.
మూడుసార్లూ నున్నటి నల్లమచ్చ.
పలాస బట్టీల్లో జీడిపిక్కలు కొట్టిన చెయ్యి,
గీతల్ని సొన తినేసింది.
"పడిందిలే, పో" అన్నాడు గుమస్తా.

తర్వాత వాయిదాలు, బస్సు చార్జీలు.
అన్న పోయాడు, అతని కొడుకులు బోనెక్కారు.
మధ్యలో తిత్లీ వచ్చి
ఒక్క రాత్రిలో తోటంతా
వేళ్లు ఆకాశానికి చూపించి పడుకుంది.

మొన్న గెలిచింది. ఎకరం పది సెంట్లు.

ఇవాళ నా సంచిలో నోటీసు.
అప్పట్లో వదిలేసింది ఫీజుని కాదట, అడగడాన్ని.
నాలుగు వేల మూడొందల ఇరవై ఆరు,
కట్టేదాకా ఆ భూమి మీద మొదటి హక్కు సర్కారుది.
లెక్క దావా వేసిన నాటి ధర మీద,
అంటే చెట్లున్నప్పటి వెల.
లాయరు ఖర్చు మాత్రం అడగరు,
అబద్ధం చెప్పి సాయం పొందారని తేలితే తప్ప.
ఆ ముక్క చదువుతుంటే
గంప కింద కోడి నా గొంతుకి అడ్డం పడింది.

"అయితే గెలిస్తే అప్పా, బావూ?"
అవును.
"ఓడిపోతే?"
ఓడినా అడుగుతారు.
"అప్పుడేటి తీసుకుందురు?"
లోపల రెండు గిన్నెలు బోర్లించి ఉన్నాయి.
అవే గిన్నెలు.

పాల డబ్బా తెచ్చి నేల మీద వొంపింది.
బట్టీ పొగ వాసన వేసే నోట్లు.
"సరిగ్గా సూడు" అని రెండుసార్లు లెక్కపెట్టించింది.
రేపు చలానా కట్టి రసీదు తెస్తానన్నాను.
"రసీదు సరే. ఆ మాట కొట్టేయించు.
నిరుపేద అనీసి.
తొమ్మిదేళ్లు ఆ పిలుపుకే లెగిసినాను."

అలాంటి గడి ఏ ఫారంలోనూ లేదు.
నాకా అధికారమూ లేదు.
పెన్ను తీసి, ఆఫీసుకి పోవలసిన కాపీలో
ఆమె పేరు ముందున్న ఆ మాట మీద
అడ్డంగా గీశాను.

ముట్టినట్టు కింద వేలిముద్ర వేసింది.
మళ్లీ అదే నున్నటి మచ్చ.
కాగితం మొత్తమ్మీద
గీతంటూ ఉన్నది అదొక్కటే.