అంకె మీద అంకె

ఏనుగొండల చెన్నకేశవులు సారు ఇంటి గోడకు
మొదటిసారి నేను రాసిన అంకె డెబ్బై రెండు లక్షలు.
నీలం రంగు, ఎర్ర అంచు.
ఏడుకు జర తోక తిప్పి రాయమన్నడు,
బండ్ల మీద పోయేటోళ్లకు ఆగబుద్ధి కావాలెనట.
ఉగాది దాటినంక మల్ల పిలిచిండు.
అరవై ఎనిమిది.
బోనాలకు అరవై నాలుగు.
దసరా ముంగట ఫోన్ల అంకె చెప్పలే, దగ్గిండు.
"నువ్వు రా. వచ్చినంక చెప్త."

గోడకు మూడు వందలు నా కూలి.
ధర ఎక్కినా దిగినా కుంచెకు ఫరక్ లేదు గని
దిగేటప్పుడు పని ఎక్కువ.
ముందు సున్నం కొట్టాలె. అది ఆరాలె.
ఆరేదాంక ఇంటాయన పక్కన నిలవడి
పునాదిల ఎంత సిమెంటు పోసిండో చెప్తుంటే
ఊఁ కొట్టాలె.
దానికి కూలి లేదు.

ఊరు ఒక్కటే, గోడలు ఒక్క తీరు దిగవు.
మెట్టుగడ్డల వేలల్ల దిగుతది,
సంతల మేకపోతు బేరం లెక్క, మూతి ముడుచుకొని.
భూత్పూర్ రోడ్డుకు లక్షలకు లక్షలే కూలుతది.
ఆడ ఇండ్లు తక్కువ, హద్దురాళ్లు ఎక్కువ.
గజం పదిహేను వేలని నేనే రాసిన రాయికి
మొన్న ఒక బర్రె వీపు గోక్కుంటున్నది.
అయిదు సగం దాని తోలుకు అంటింది.
ఇంకొన్ని దినాలైతే నన్ను పిలిచే పనే ఉండదు.

బోయపల్లి గేటు కాడ సబీహా టీచరమ్మ
అంకే వద్దన్నది.
"ధర మాట్లాడుకుందాం అని రాయి బాబూ.
మాట్లాడుకుందాం పెద్దగ, ధర చిన్నగ."
రైలొచ్చి పోయేదాంక గేటు పడి ఉంటది గద,
ఆగినోళ్లందరు ఒక్కో అక్షరం కూడవలుక్కొని సదువుతరు.
గేటు లేస్తది.
పోతరు.

షాసాబ్‌గుట్ట సందులల్ల బోర్డులుండవు,
ఆడ ధర నోట్లె పుడుతది, నోట్లెనే సస్తది.
నడిమి మనిషి జిలానీ భాయ్
సాసర్ల చాయ్ ఊదుకుంట అంటడు:
"పిరమున్నప్పుడు రేపటికి ఇంక పిరమైతదని ఉరికిన్రు.
అగ్గువైనంక రేపటికి ఇంక అగ్గువైతదని కూసున్నరు.
రేపు నాకొక్కనికే వస్తున్నది, కిరాయి కట్టమని."
ఆయన జేబుల బయానా కాయితాలు రెండు,
మడతల కాడ చినుగుతున్నయి,
పేరు రాసే జాగ ఇంక ఖాళీనే.

నాకు గూడ ఒక లెక్కుంది.
కిరాయింట్ల, రంగు డబ్బాల మూతల మీద రాసుకుంట:
ఏ గోడ ఎంత దిగింది, నాకెంత దూరముంది.
మణెమ్మ మూత తిప్పి సూసి నవ్వింది.
దిగుడుబాయిల అడుగున నిలవడ్డోనికి
కడపటి మెట్టు గూడ నెత్తి మీదనే ఉంటదన్నది.
నవ్వింది గని, మూత పారెయ్యలే.
గూట్లె పెట్టింది.

ఏనుగొండకు పోయేటాలకు రాత్రి వాన పడి ఉన్నది.
సున్నం కారిపోయి
గోడ మీద అంకెలన్ని ఒక్కపారే బయటవడ్డయి.
అరవై నాలుగు కడుపుల అరవై ఎనిమిది,
అన్నిట్ల నుంచి డెబ్బై రెండు తొంగి సూస్తున్నది.
సారు గడప మీద కూసున్నడు, కాళ్లకు చెప్పుల్లేవు.
"ఏది సదువుతరు కురుమయ్యా, జనం?"
నేనేం చెప్పలే.
"గీ కిటికి టేకుది. అచ్చంపేట నుంచి తెప్పించిన.
తలుపులకు పాలిష్ నేనే పెట్టిన, ఎండకాలం సెలవులల్ల."

కుంచె నీళ్లల్ల ముంచి అడిగిన, "ఎంత రాయాలె సార్?"
ఒక్క గడియ
డబ్బా మూత మీది అంకె నా నోటి దాంక వచ్చింది.
మింగిన.

సారు గోడ దిక్కు శానసేపు సూసిండు.
"అన్ని తుడువు.
ఏడు మాత్రం ఉండని" అన్నడు,
"తోక మంచిగొచ్చింది."