చిన్న సుత్తి

ఈ రాత్రి సుత్తి నా చేతికొచ్చింది.
అరచేతిలో ఇమిడేంత. పిడి మీద
నౌషేర్‌జీ బొటనవేలు అరగదీసిన గుంట.

గోషామహల్ వాన కిటికీల్ని తడుతోంది.
తెల్ల గ్లౌజుల్లో నా వేళ్లకు చెమట.

మూడేళ్లు ఈ కుర్చీలో ఉన్నాడాయన.
సుత్తి మోగింది తక్కువ.
విందు లెక్కల మీద ఖుద్దూస్, చలమారెడ్డి
కుర్చీలు నెట్టి లేచిన రోజు
సుత్తి ఎత్తాడు.
దించాడు.
కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.
అరుపులు అలిసిపోయాక అన్నాడు:
"ఆకలేస్తోంది. ముందు తిందామా?"

నేను చందా కట్టలేని ఏడాది
పుస్తకంలో నా పేరుకెదురుగా 'జమ' అని ఉంది.
ఎవరి సిరా అని నేనడగలేదు,
ఆయన చెప్పలేదు.

తలుపు బయట కత్తి పట్టుకు నిలబడే సాయిలుకు
మొదటి చాయ్.
నౌషేర్‌జీ కప్పు ఎప్పుడూ చల్లారిందే.

ఇప్పుడు అందరూ నావైపే చూస్తున్నారు.
కొట్టాలి. నియమం.
వెనక వరసలో, స్తంభం చాటున,
ముసలాయన కునుకు తీస్తున్నట్టున్నాడు.

ఎత్తిన సుత్తి అలాగే పట్టుకుని
"సాయిలుకు చాయ్ అందిందా?" అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు.
స్తంభం చాటున
ఒక కన్ను తెరుచుకుంది.