బోరునీళ్ళ కొంగ

మొదటి కొంగ చెడిపోయింది.
తెల్లటి పిట్టని తెల్లకాగితం మీద ఎట్టా వెయ్యాలో తెలియక
తెలుపు గొట్టమంతా పిండేశాను.
ఆరాక చూస్తే అది పిట్ట కాదు,
సున్నం కొట్టిన పిట్టగోడ.

రంగులపెట్టె మా చెల్లెలి కూతురు నస్రీన్‌ది,
తొమ్మిదో తరగతిలో వదిలేసింది.
పన్నెండు గొట్టాల్లో ఎరుపొక్కటే ఖాళీ.
వాటి మీద పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి,
నేను చదవలేను,
అందుకని నేనే పెట్టుకున్నాను:
తంగేడు, పచ్చి చింతకాయ, ఆరిన పొగాకు,
ఇంకొకటుంది, జిల్లేడు పూవు లోపలిది,
దానికి నోట్లో పేరు రాదు, కంట్లోనే ఉంటుంది.

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో
పంతొమ్మిదేళ్ళు చేశాను.
నల్లరాతి రేకుని నాలుగు చెక్కల మధ్య బిగించి
మూలమూలకీ మేకు కొట్టి
డజను చొప్పున కట్టలు కట్టేదాన్ని.
చీదితే ముక్కులోంచి కూడా నల్లదుమ్మే.
మూసేసిన రోజు మేస్త్రీ చెన్నకేశవులు
కూలి బాకీ తీర్చలేక
రాయి లేని ఉత్త చట్రాలు రెండు గోతాలు ఇచ్చి,
"పొయ్యిలోకి పనికొస్తాయిలే కాశింబీ" అన్నాడు.
కొన్ని పెట్టాను కూడా, అబద్ధమెందుకు.
మిగిలినవి మంచం కింద ఉన్నాయి.
డ్రాయింగు షీటుని పలక కొలతకే కత్తిరిస్తాను,
వేరే కొలత నా చేతికి రాదు.

మధ్యాహ్నం గాలెమ్మ వచ్చి గడప మీద కూచుంటుంది.
తీగ మీద పికిలిపిట్ట, దాని తోక కింద ఎర్రమచ్చ,
ఎరుపు లేదే అంటే
"నా నోట్లో ఉండాది, తీసుకో"
అని తాంబూలం చూపించింది.
నవ్వేసరికి కుంచె జారి
పిట్ట కడుపు మీద ఆకుపచ్చ చారిక పడింది.
అట్టాగే ఉంచాను.
ఆ పిట్ట ఏ చెట్టు మింగిందో
చూసేవాళ్ళే అనుకుంటారు.

తాగే నీళ్ళు క్యానులో కొనాలి.
బొమ్మలకి బోరునీళ్ళే, ఉప్పనివి.
ఎక్కడ నిలిస్తే అక్కడ
ఆరాక తెల్లటి పెచ్చు కడతాయి.
కుంచె కడిగిన నీళ్ళు మందార కుండీకి పోస్తాను.
నీలం తాగినా పొగాకు రంగు తాగినా
అది మాత్రం ఎర్రగానే పూస్తుంది, మొండిది.

నిన్న మళ్ళీ కొంగకే కూచున్నాను.
ముందు చుట్టూ పచ్చిక వేద్దామని
చింతకాయ రంగులో నీళ్ళెక్కువ కలిపి
ఒక పక్క నుంచి తోసుకుంటూ వస్తున్నా,
మెడ ఉండే చోటు, వీపు ఉండే చోటు ఒదిలి,
ఒక కాలి చుట్టూ వచ్చి
రెండో కాలి దగ్గరికి పోయే లోపల
వీధిలో ట్యాంకరు హారను.
కుంచె అక్కడే పడేసి బిందెలతో పరుగు.
లైనులో నా ముందు పదిహేడుమంది,
ఒకళ్ళ చెంబు కోసం ఇద్దరి జుట్లు,
ఆరు బిందెలు తెచ్చుకునే సరికి గంట దాటింది.

వచ్చి చూస్తే
కొంగ నిలబడి ఉంది.

నేను వెయ్యలేదు దాన్ని.
చుట్టూ వేసి పోయాను, అంతే.
పచ్చిక అంచుల్లో ఉప్పు తేలి
వీపు మీద ఈకలు లేచినట్టుంది.

చాలాసేపు ముట్టుకోలేదు.
పలక మీద తెల్లగా ఉన్నదే రాత,
తడిగుడ్డ తగిలితే పోయేది.
పంతొమ్మిదేళ్ళు దుమ్ము మింగిన చెయ్యికి
ఇది ఎవరూ చెప్పలేదు:
నీళ్ళు తగలని చోట
కూడా బొమ్మ ఉంటుందని.

ముక్కుకి మాత్రం కాస్త తంగేడు పెట్టి
చట్రంలో బిగించి
నాలుగు మేకులు కొట్టాను.
మేకు కొట్టడం నాకు రాకపోవడమేంది.

సాయంత్రం గాలెమ్మ ఎగాదిగా చూసి
"ఒంటికాలేనా? రెండోది యాడ?" అంది.

"నీళ్ళకి పోయింది" అన్నాను.