చెవి వెనక రంగు

పెనుమూరు పాలకేంద్రం దగ్గర
క్యాన్లు ఇంకా నిండలేదు.
మాటల్లోకి ఏకాంబరం వచ్చినాడు.

తపసు మాను ఎక్కుతా ఎక్కుతా సగంలో ఆగి
రాగం తీసినాడే, ఆ పొద్దే పడిపోతి నేను
అన్నాడు బెల్లం మండీ మునస్వామి.
పైనించి విసిరిన నిమ్మకాయని
మూడేండ్లు దాచిపెట్టినాడంట,
ఎండి గోలీ అయ్యేదాకా.

కుప్పమ్మక్కకి మొకమే తెలీదు.
పురుడు గదిలో పడుకోనుంటే
మైకులో పద్యం గోడ దాటొచ్చింది.
"బిడ్డ ఏడుపు ఆపింది, నేను మొదలుపెట్టినా."

దొరవేలు ఒప్పుకోడు:
"కరెంటు పోయినప్పుడు వినల్ల ఆయన్ని.
మైకు లేకుండానే కడగొట్టు వరసకి వినపడె.
ఆ వరసలో నేనుంటి, చెప్పులకి కాపలా."

నన్నడిగితే ఏం చెప్పేది?
నేను ఆటే చూళ్ళేదు, నిద్రపోయినా.
తెల్లారి ఇదే క్యూలో
నా ముందర ఒకాయన,
చేతిలో చెంబు,
గొంతు పూర్తిగా పోయి
సగం వేలు మడిచి అర లీటరన్నాడు.
చెవి వెనక
ఇంకా కడగని నీలం రంగు.

అర్జునుడు చిల్లర లెక్కబెట్టుకున్నాడు.
ఒక రూపాయి తక్కువైంది.
ఇచ్చినా.

ఆ బాకీ ఆయన తీర్చకూడదని
ఇప్పటికీ మొక్కుకుంటా.