మూలం

అక్టోబరు చివరి రాత్రి.
లూయిస్ దీవిలో గాలికి తలుపు తట్టడం బాగా వచ్చు.
అందుకే మొదటిసారి మేము లేవలేదు.

మా ఆయన అలస్డర్ సంఘ పెద్ద.
ఇరవై ఆరేళ్లుగా ఈ ఒక్క రాత్రి
వాకిట్లో దీపం ఆర్పి, తెరలు దించి
కుర్చీ పొయ్యి దగ్గరికి లాక్కుంటాడు.
నేను ఊలు అల్లుతూ కుట్లు లెక్కపెట్టుకుంటాను.

గురువారం సంఘ కూటంలో
రెండున్నర గంటలు దీని మీదే మాట్లాడారు.
ఎక్కడ పుట్టిందీ హాలోవీను?
చలికాలానికి జడిసిన పాతవాళ్ల మంట దగ్గరా,
పరిశుద్ధుల పేర్లు తలుచుకున్న మఠాల్లోనా?
కొత్త పాస్టరు రెండు పుస్తకాలు తెచ్చాడు,
ఒకదాన్నొకటి కాదన్నాయి.
"మూలం చెడ్డదైతే అంతా చెడ్డదే" అన్నాడు అలస్డర్.
తీర్మానం వాయిదా పడింది.
కప్పులు కడిగింది నేనే కనుక చెబుతున్నాను,
ఏకగ్రీవమైంది పంచదార ఒక్కటే.

మళ్లీ తట్టారు.
గాలి ఇలా ఆగి ఆగి తట్టదు.
లేచాను. ఆయన వద్దనలేదు, సరేననలేదు.

గడప మీద ఓ గొర్రెతోలు నిలబడి ఉంది.
కింద పెద్దవాళ్ల రబ్బరు బూట్లు,
ముఖానికి చిల్లులు పొడిచిన గోనెగుడ్డ,
చేతిలో టర్నిప్ దుంప.
లోపలంతా చెంచాతో తొలిచి
కొవ్వొత్తి ముక్క వెలిగించారు.
కమిలిన దుంప వాసన, తడి ఊలు వాసన.

ఇక్కడి ఆనవాయితీ:
వచ్చినవాళ్లు నోరు విప్పరు.
ఇంటివాళ్లే పేరు చెప్పాలి,
చెప్పలేకపోతే ఓడినట్టు.

నేను మూడు పేర్లు చెప్పాను.
మూడుసార్లూ గోనెగుడ్డ అడ్డంగా ఊగింది.
అప్పటికి అలస్డర్ నా వెనక ఉన్నాడు,
కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని.
ఈ వీధి పదకొండు ఇళ్ల మంచిచెడ్డలు
సంఘం ఆయనకే అప్పగించింది.
చాలాసేపు చూసి
"నువ్వెవరో నాకు తెలియదు" అన్నాడు.
అని,
తన మాట తనే విన్నాడు.
మూసిన తలుపు లోపలి నుంచి వచ్చే ఆ మాట
ఎన్ని ఆదివారాలు చదివి ఉంటాడో.

గోనెగుడ్డ పైకి లేచింది.
చెమట పట్టిన ఏడేళ్ల ముఖం, ముందు పన్ను లేదు.
"పెగీ ఆన్. తార్మద్ వాళ్లమ్మాయిని."

తార్మద్ ఇల్లు ఇక్కడికి నాలుగోది.
మార్చిలో భార్యను మట్టిచేసిన దగ్గర్నుంచి
వాళ్లు చర్చికి రాలేదు.
మేమూ వాళ్లింటికి వెళ్లలేదు.

ఆయన మారిపోయాడని చెప్పను.
ఈ రాత్రి ఇప్పటికీ ఆయనకు గిట్టదు,
వచ్చే గురువారం ఆ మాటే అంటాడు.
కానీ బూట్లు వెతుక్కున్నాడు.
"చీకటిగా ఉంది, దిగబెట్టి వస్తా."
టార్చి వెలగలేదు.
పిల్ల తన దుంపను ఆయన చేతిలో పెట్టింది.

తెర తీసి చూశాను.
ఒక సంఘ పెద్ద, ఒక గొర్రెతోలు,
మధ్యన నేల నుంచి పెరికిన మూలం ఒకటి
వెలుగుతూ
తార్మద్ ఇంటి దాకా వెళ్లింది.
అక్కడ తలుపు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది.

నా కుట్ల లెక్క తప్పింది.