గాడిది గుర్తు

కాజీపేట చౌరస్తాల నా ఇస్త్రీ బండి.
పక్కపొంటి సారంగం కటింగు షాపు.
నడుమ ఒక మురికికాలువ, ఒక సెల్‌ఫోను,
ఈ నెల సంది అమెరికా.

అంగీలు ఇయ్యనొచ్చిన హాస్టలు పిలగాడు చెప్పిండు,
ఆడ పెద్దయి రెండే పార్టీలట,
ఒకదానికి ఏన్గు, ఒకదానికి గాడిది.
నేను పేర్లు అడగలే, మ్యానిఫెస్టో అడగలే,
బొగ్గుల పెట్టె పక్కకు పెట్టి
"గాడిది మాది" అన్న.

మా తాత ఓదెలుకు ఏడు గాడిదులు.
పొద్దుగాల వడ్డేపల్లి చెరువు దాక మూటలు,
మాపటికి మళ్ల వాడ దాక మూటలు.
వాడల ఎవడు ఎవన్ని తిట్టినా
దాని పేరు పెట్టే తిట్టేది.
ఎవడో తిట్లు తింటుంటే
మా తాత చెవులు ఎర్రగయ్యేటియి.
గసొంటి జీవిని
గంత దూరపు దేశంల ఒక పార్టీ నెత్తిన పెట్టుకున్నదంటే
ఆ పూట బువ్వ తినకున్నా నా కడుపు నిండింది.

సారంగం ఏన్గు దిక్కు.
"వెయ్యిస్తంభాల గుళ్లె చూసిరా పో,
ఎన్ని రాతి ఏన్గులున్నయో!
గాడిదిని ఏ రాజు చెక్కిచ్చిండురా?"
"మరి గుడి కింద పోసిన ఇసుక
ఏన్గు తొండంతోని మోసిందారా?"
సగం గడ్డం నురుగుల ఉన్న గిరాకి
కత్తి దిక్కు చూస్తాండు, మా దిక్కు చూస్తాండు.

పందెం కట్టినం.
ఏన్గు గెలిస్తే వాని బట్టలు నెల దినాలు పుక్కట్ల,
గాడిది గెలిస్తే నా గడ్డం నెల దినాలు పుక్కట్ల.
"ఓటు లేని ఊరికి మీసాలు మెలేసుడేంది"
అన్నది నర్సవ్వ, గుండీలు కుట్టుకుంట.

లెక్కింపు నాడు, గోల్కొండ బండి కూతేసే యాళ్లకు
ఫోన్ల ఆ దేశం పటం తెరిచిన్రు.
నీలం నా దిక్కట, ఎరుపు వాని దిక్కట.
ముప్పై ఏండ్లు తొట్టిల చేతులు నానబెట్టినోన్ని,
ఎవలు చెప్పేదుంది?
తెల్లబట్టల మూటల ఎవనిదో ఎర్ర రుమాలు పడ్డది.
నడుమంత రంగెక్కింది.
అంచుల పొంటి పిసరంత నీలిమందు.

"ఎక్కువ ఓట్లు పడ్డోడు కూడ ఒక్కోపారి ఓడుతడు కాకా ఆడ"
పిలగాడు ఓదార్చబోయిండు.
నాకింక మండింది.
మా సంఘం ఎలక్షన్ల చేతులెత్తుమంటం,
ఎటు ఎక్కువుంటే అటు.
గంత సదువుకున్నోళ్లకు
చేతులు లెక్కపెట్టుడు రాదా?

ఏన్గు మీద నాకు కోపం లేదు.
తొక్కుడు దాని గుణం.
నా కోపమంత నా పార్టీ మీద.
ఎన్ని మీటింగులు చూసిన సెల్లుల,
బెలూన్లు, లైట్లు, ఆటలు, తెల్లటి పండ్లు.
ఒక్క స్టేజీ మీదన్న గాడిది నిలబడ్డదా?
మూటల ముచ్చట ఎవలన్న తీసిన్రా?
మోసేదాని బొమ్మ పెట్టుకొని
ఎక్కేటోని లెక్క మాట్లాడితే
మోసేటోడు వీపు జరుపుకుంటడు.
జరుపుకున్నడు.

ఈడ మాత్రం తక్కువనా.
అన్ని పార్టీల ఖద్దరు నా పెట్టె కిందికే రావాలె.
మొన్న ఒక కండువతోని వచ్చిన పెద్దమనిషి
నిన్న ఇంకో కండువతోని వచ్చిండు.
కాలరు మీది చెమట మరక అదే.
నేను గుర్తుపట్టిన, ఆయన నన్ను గుర్తుపట్టలే.

సరే, మాట మాటే.
ఆ మాపటికే సారంగం
ఆరు తెల్ల అంగీలు తెచ్చి బండి మీద ఏసిండు,
పండ్లు ఇకిలించుకుంట.
"ఇస్త్రీ ఒక్కటే ఎందుకు, ఉతికిస్త తియ్" అన్న.
రాత్రి తొట్టిల
ఎప్పటికంటే నాలుగు చుక్కలు ఎక్కువేసిన నీలిమందు.
నర్సవ్వ చూసింది, ఏమనలే.
ఇంకో చుక్క తనేసింది.

పొద్దుగాల సారంగం షాపు ముంగట
ఎండల నిలబడ్డడు.
అంగీ నీలంగ మెరుస్తాంది.
దారినపోయేటోళ్లు మర్రి మర్రి చూస్తాన్రు.
ఇంక ఇరవై ఆరు దినాలున్నయి.